335 గుర్రాలకి మేతెంత?

1971 వేసవిలో కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి ఊరికి పంపాను. మా నాన్నకి ఇంగ్లిషు రాదు కనక ఫొటో వెనకాల తెలుగులోనే రాశాను: ప్లిమత్ రోడ్ రన్నర్, 1968 మోడలు, 335 గుర్రాల బలం. నెల తిరిగాక ఏరోగ్రామ్‌లో జవాబొచ్చింది. కాలవకి నీళ్ళు వదిలిన సంగతి, చెల్లెలి సంబంధాల సంగతి అన్నీ అయ్యాక, మడత అంచున మిగిలిన జానెడు చోటులో ఇరికించి ఒక్క మాట: "గుర్రాల లెక్క రాశావు, మేత లెక్క రాయలేదు."

నాకిప్పుడు ఎనభై. "నీ రేసుల సంగతులు రాసిపెట్టొచ్చుగా తాతయ్యా" అని మా మనవడు అడిగితే ముందు నవ్వొచ్చింది. నేనేమీ పేరుమోసిన రేసరుని కాను. మూడు వేసవుల్లో గెలిచినవి చేతివేళ్ళకి సరిపోతాయి. ఓడినవాటికి కాలివేళ్ళు కలిపినా చాలవు. అయితే గెలిచినవాడు ఇంటికెళ్ళి నిద్రపోతాడు, ఓడినవాడే కారణం వెతుకుతూ బండి కింద దూరతాడు. అలా దూరినప్పుడు దొరికినవి ఇవి. గుర్తున్నవి గుర్తున్నట్టు నంబర్లేసి పెడుతున్నాను.

1. బలం వేరు, పట్టు వేరు

గుడివాడ దగ్గర పల్లెటూరు మాది. కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, 1968లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీకి ఎమ్మెస్ చేయడానికొచ్చాను. దేశం దాటేవాడికి ఆ రోజుల్లో ఇచ్చే విదేశీ మారకం ఎనిమిది డాలర్లు. ఆ ఎనిమిదీ జేబులో పెట్టుకుని దిగాను. వుడ్‌వర్డ్ ఎవెన్యూ మా యూనివర్సిటీ పక్కనుంచే పోతుంది. దాని వెంట ఉత్తరంగా పది పన్నెండు మైళ్ళు వెళ్తే, శుక్రవారం రాత్రిళ్ళు కార్లు ఒక సిగ్నలు నుంచి ఇంకో సిగ్నలుకి ఉరుముకుంటూ పోయేవి. అంబాసిడరే పెద్ద బండి అనుకుంటూ పెరిగినవాణ్ణి నేను. నోరెళ్ళబెట్టి చూశాను.

మజిల్ కారంటే పెద్ద రహస్యమేం లేదు. మధ్యరకం కారులో పెద్దకారు ఇంజిను పెట్టడమే. 1964లో పాంటియాక్ వాళ్ళు తమ టెంపెస్ట్ కారులో 389 ఘనపుటంగుళాల ఇంజిను దించి జీటీవో అని పేరుపెట్టారు. ఆ సైజు కారులో 330 దాటకూడదని జనరల్ మోటార్స్‌లో నియమం. జాన్ డిలోరియన్, ఆయన మనుషులు దాన్ని కొత్త మోడలు అనకుండా, కావాలంటే తగిలించుకునే అదనపు సరంజామాగా అమ్మేసి నియమం పక్కనుంచి నడిచిపోయారు. ఆ తర్వాత అందరూ అదే దారి. 1968లో ప్లిమత్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. కార్పెట్లూ హంగులూ తీసేసి, ఇంజినుకి మాత్రమే డబ్బు ఖర్చుపెట్టి, మూడువేల డాలర్ల లోపు ధరకి కుర్రాళ్ళ చేతికిచ్చారు. అదే రోడ్ రన్నర్. కార్టూన్ పక్షి పేరూ బొమ్మా వాడుకున్నందుకు వార్నర్ బ్రదర్స్‌కి 50,000 డాలర్లు కట్టారు. హారను కొడితే ఆ పక్షిలాగే "బీప్ బీప్" అంటుంది. ఇంజిను 383 ఘనపుటంగుళాలు, అంటే 6.3 లీటర్లు. నాలుగు అంబాసిడర్ల ఇంజిన్లు కలిపినా అంత కావు.

ఉద్యోగం వచ్చాక 1971లో, మూడేళ్ళు వాడిన కారుని 1,450 డాలర్లకి కొన్నాను. కొన్న రెండో ఆదివారం డెట్రాయిట్ డ్రాగ్‌వేకి తోలుకెళ్ళాను. 1959, 60ల్లో ఎన్‌హెచ్ఆర్ఏ (నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్) జాతీయ పోటీలు జరిగిన చోటది. తొంభైల చివర్లో మూతపడింది. పావుమైలు తిన్నటి దారి, రెండు లైన్లు, ఇద్దరు మనుషులు. 402 మీటర్లు ఎవరు ముందు దాటితే వాళ్ళు. ఇంత తేలికైన ఆట ఇంకోటి ఉండదనుకున్నాను.

పక్క లైన్లో ఓ కుటుంబరావు. సామాన్లు వేసుకునే పొడుగాటి స్టేషన్ వ్యాగన్, వెనక సీట్లో పిల్లల బొమ్మలు. పచ్చదీపం వెలగగానే నేను ఇంజిన్ని గావుకేక పెట్టించి క్లచ్చి మీంచి కాలు లాగేశాను. నా వెనక టైర్లు అక్కడికక్కడే గిరగిరా తిరిగాయి. దోమలకి పొగ పెట్టినట్టు తెల్లటి పొగ. అందులోంచి నేను బయటపడేసరికి ఆ స్టేషన్ వ్యాగన్ ముందు తాపీగా పోతోంది. నా టైము 16.1 సెకన్లు. ఆయనది 15.8.

ఆ రాత్రి మంచమ్మీద పడుకుంటే సంక్రాంతికి మా ఊళ్ళో జరిగే బండలాగుడు గుర్తొచ్చింది. కొత్తగా దిగినవాడు గంట కొట్టగానే చర్నాకోలతో అదిలిస్తాడు. ఎద్దులు ఉలిక్కిపడి దూకుతాయి, గిట్టలు జారతాయి, బండ కదలదు. మా నాన్న అలా చేసేవాడు కాదు. "ముందు కాడి ఆననివ్వాలి. బరువు మెడకి తెలిశాక అదే కదుల్తుంది" అనేవాడు. నేనిక్కడ డిగ్రీలు పెట్టుకుని చేసింది సరిగ్గా ఆ కొత్తవాడి పనే. మరుసటి ఆదివారం ఇంజిను వేగం సగానికి తగ్గించి, క్లచ్చిని ఆనించి వదిలాను. ఇంజినుకి ఒక్క పానా కూడా తగిలించలేదు. 15.2 సెకన్లు.

2. వలపట చక్రం ఎందుకు తేలుతుంది?

నేను ఉద్యోగం చేసే షాపులో లేతు మీద పనిచేసే కెంటకీ పెద్దాయన ఒకాయన ఉండేవాడు. ఎనిమిదో క్లాసు దాటి చదవలేదు. నా ఎమ్మెస్ సంగతి తెలిసి కూడా నన్ను చిన్నచూపు చూడని మంచిమనిషి. ఆయన నా కారుని రెండుసార్లు లైను మీంచి లేస్తుండగా చూసి, "నీ కుడి వెనక టైరే తిరుగుతోంది, ఎడమది కాదు, చూశావా?" అన్నాడు. చూడలేదు. లోపల కూర్చున్నవాడికి ఎలా కనపడుతుంది?

సంగతేమిటంటే, ఇంజిను నుంచి వెనక యాక్సిలుకి పోయే పొడుగాటి షాఫ్టు గట్టిగా తిరిగినప్పుడు యాక్సిలు మొత్తాన్నీ ఒక పక్కకి మెలిపెడుతుంది. ఎడమ చక్రం నేలకి అదుముకుంటుంది, కుడిచక్రం తేలికవుతుంది. బరువు లేని చక్రానికి పట్టుండదు. అందుకే తెలిసినవాళ్ళు బ్యాటరీని ముందునుంచి తీసి డిక్కీలో కుడిమూలకి మారుస్తారు. వెనక స్ప్రింగు పట్టీలు కుడికొకలా ఎడమకొకలా వేస్తారు. క్రైస్లర్ కంపెనీ రేసుల కోసం అలాంటి జత స్ప్రింగుల్ని అమ్మేది కూడా.

ఇదంతా ఆయన ఇంగ్లిషులో చెబుతుంటే నాకు తెలుగులో వినపడింది. వలపటెద్దు, దాపటెద్దు. జతలో రెండూ ఒకేలా లాగవు. దేన్ని ఏ పక్క కట్టాలో తెలియనివాడు ఎంత మేపినా ఓడిపోతాడు. బ్యాటరీ మార్చాను. వెనక టైర్లు తీసేసి, గాడులు లేని మెత్తటి స్లిక్కులు వేసి, గాలి బాగా తగ్గించాను. ప్లగ్గులు ఊడదీసి పింగాణీ రంగు చూడడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తెల్లగా కాలితే పెట్రోలు చాలడం లేదని, మసిపట్టి నల్లగా ఉంటే ఎక్కువవుతోందని, బిస్కట్టు రంగులో ఉంటే సరిపోయిందని. ఆ వేసవి ఆఖరికి నా బండి 14.4కి దిగింది.

అన్నట్టు, మన పందేల్లో రెండుపళ్ళ జత, నాలుగుపళ్ళ జత, ఆరుపళ్ళ జత అని విడగొడతారు కదా, ఇక్కడా అంతే. కారు బరువుని గుర్రాల లెక్కతో భాగించి వచ్చిన అంకెని బట్టి ఏ స్టాక్, బీ స్టాక్ అని తరగతులు. ఎద్దు పళ్ళ దగ్గర మోసం చేసేవాళ్ళు అక్కడెంతమందో, కారు బరువు దగ్గర మోసం చేసేవాళ్ళు ఇక్కడంతమంది.

3. కోపంతో గేరు మార్చకూడదు

1972 సెప్టెంబరు. పక్క లైనువాడు నా తలపాగా ఎక్కడని అడిగాడు. నేను తలపాగా పెట్టుకునే జాతివాణ్ణి కాదని వాడికి చెప్పి లాభం లేదు. ఒళ్ళు మండింది. రెండో గేరు నుంచి మూడోదానికి లాగాల్సిన చోట కర్రని విసిరినట్టు తోశాను. అది ఏ గేరులోనూ పడలేదు. నా కుడికాలు మాత్రం యాక్సిలరేటరు మీద నేలకంటా ఉంది. బరువు లేని ఇంజిను ఒక్కసారి రంకె వేసింది. ఆ తర్వాత ఇత్తడి బిందెలో గులకరాళ్ళు పోసి ఊపిన చప్పుడు.

ఆ చలికాలమంతా అద్దెకి తీసుకున్న షెడ్డులో, చిన్న కిరసనాయిలు హీటరు పెట్టుకుని ఇంజిను విప్పాను. కెంటకీ పెద్దాయన రోజూ రాత్రి అన్నం తినేసి వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. చేయి పెట్టేవాడు కాదు. ఓ అట్టపెట్టె మూతకి పదహారు కన్నాలు పొడిపించి, వాల్వుల్ని తెరిపించే కడ్డీలు, పుష్‌రాడ్లు, ఏ చోటివి ఆ చోటే ఉండేలా వరసగా గుచ్చమన్నాడు. తర్వాత ఓ కిటికీ అద్దం బల్లమీద పరిచి, ఒక్కొక్కదాన్నీ దానిమీద అప్పడాల కర్రలా దొర్లించమన్నాడు. తిన్నటివి చప్పుడు లేకుండా జారిపోయాయి. మూడు మాత్రం టకటకమని కుంటాయి. కంటికి ఆ మూడూ కూడా తిన్నగానే కనపడ్డాయి. వంకర అద్దం మీద తెలిసింది. ఒక వాల్వు కూడా వంగింది.

"గేరుకర్రలో లోపముందేమో" అన్నాను ఓ రాత్రి. ఆయన కాఫీ తాగుతూ, "కర్రని తోసింది ఎవరు?" అన్నాడు. మళ్ళీ ఆ మాటెత్తలేదు.

ఆ షెడ్డులో ఉండగానే డాన్ గార్లిట్స్ కథ చెప్పాడు. ఇక్కడి రేసుల్లో ఆయన పెద్దతల. 1970 మార్చిలో కాలిఫోర్నియాలోని లయన్స్ స్ట్రిప్ మీద ట్రాన్స్‌మిషను ఆయన కాళ్ళ మధ్యే పేలింది. కారు రెండు ముక్కలైంది, కుడిపాదంలో కొంత పోయింది. ఇంజిను ముందుండి మనిషి వెనక కూర్చుంటే, ఏది పేలినా మనిషి మీదకే కదా. ఆసుపత్రి మంచమ్మీద ఆలోచించి, ఇంజిన్ని మనిషి వెనక్కి మార్చిన కారు కట్టించుకున్నాడు. మరుసటేడు పోమోనాలో దానితోనే గెలిచాడు. కొద్దికాలంలోనే టాప్ ఫ్యూయల్ అనే పైతరగతి రేసుకార్లన్నీ అదే పద్ధతికొచ్చాయి. ఆ కథ విన్నాక నేను మొదట కొన్నది గుర్రాల్ని పెంచే సామాను కాదు. క్లచ్చి పేలితే ముక్కలు పాదాల్లోకి దూసుకురాకుండా ఆపే మందపాటి ఉక్కు తొడుగు.

4. రోడ్డు మీద వద్దు

వుడ్‌వర్డ్ మీద ఒక్కసారి పోటీ పడ్డాను. గెలిచాను. అద్దంలో ఎర్రదీపం తిరుగుతూ కనపడింది. గ్రీన్‌కార్డు కాగితాలు ఆఫీసులో నడుస్తున్న రోజులవి. పోలీసాయన టికెట్టు రాసిచ్చి వదిలేశాడు కానీ, నా చేతులు తెల్లారేదాకా వణికాయి. ఆ రోడ్డు మీదే నాకు తెలిసిన కుర్రాడొకడు దీపస్తంభానికి కొట్టుకుని పోయాడు. ఇంతకన్నా దీని గురించి రాయను.

5. దీపం చూసి కదిలేవాడు ఆలస్యమైనట్టే

1972 డిసెంబరులో సెలవు పెట్టి వెళ్ళి పెళ్ళి చేసుకున్నాను. మా ఆవిడ మరుసటేడు వసంతంలో వచ్చింది. విజయవాడ పిల్ల, పదేళ్ళు వీణ నేర్చుకుంది. ఆమె డ్రైవింగ్ నేర్చుకున్నది ఆ రోడ్ రన్నర్ మీదే. క్లచ్చి తొక్కడానికి వీపు వెనక దిండు పెట్టుకునేది.

లైను మీద ముందు ఓ స్తంభం ఉంటుంది. 1963 నుంచీ ఉంది, క్రిస్మస్ చెట్టు అంటారు. మా రోజుల్లో ఒక్కో పక్క అయిదు పసుపు దీపాలు, అర్ధసెకను తేడాతో పైనుంచి కిందకి వెలుగుతూ వచ్చేవి. తర్వాతి కాలంలో మూడు చేశారు. వాటి కింద పచ్చది. పచ్చదానికన్నా ముందు కదిలితే ఎర్రది వెలుగుతుంది, ఆట పోయినట్టే. ఇక్కడో మెలిక ఉంది. గడియారం పచ్చదీపంతో మొదలవదు, మన ముందుచక్రం గీత దాటినప్పుడు మొదలవుతుంది. అంటే పచ్చదీపం చూసి ఓ అరసెకను నిద్రపోయినా టైము చీటీలో 14.4 అనే ఉంటుంది, కానీ 14.7 వాడు మనకన్నా ముందు గమ్యం చేరి ఉంటాడు. నేనలా ఎన్నిసార్లు ఓడానో.

మా ఆవిడ గ్యాలరీలో కూర్చుని రెండు ఆదివారాలు చూసింది. మూడో ఆదివారం ఇంటికొస్తుంటే అంది: "ఏమండీ, మీరు దీపాన్ని చూస్తున్నారు. చూడకండి. ఇది ఖండచాపు. తక తకిట, అయిదు. ఆరో దెబ్బ సమం. సమం వినపడ్డాక ఎత్తుకుంటే పాట ఎలా కలుస్తుంది? అయిదో దెబ్బ మీదే వేలు కదలాలి."

కారులో స్టీరింగు మీద వేళ్ళతో వాయించి చూపించింది. నాకు తాళజ్ఞానం సున్న. వారంరోజులు వంటింట్లో, గరిటెతో గిన్నె మీద కొట్టి నేర్పింది. ఆ ఆగస్టులో మిలన్ స్ట్రిప్ మీద, చీర కొంగు నడుముకి బిగించి, హెల్మెట్ పెట్టుకుని, తనే కూర్చుంది. గేర్లు నాకన్నా నెమ్మదిగా మార్చింది. టైము నాకన్నా అరసెకను ఎక్కువ. కానీ పక్కవాడి కారు కదిలేసరికి ఆమె బండి నిడివంత ముందుంది, గీత దగ్గర కూడా మూరెడు ముందే ఉంది. ఆ రోజుల్లో మా మిషిగన్‌లో ఫన్నీకార్లు అనే రేసుబండ్లు నడిపే షర్లీ మల్డౌనీ పేరు అందరి నోటా ఉండేది. తర్వాత 1977, 80, 82ల్లో ఆవిడ టాప్ ఫ్యూయల్ చాంపియన్ అయింది. స్ట్రిప్ వాళ్ళు మైకులో మా ఆవిణ్ణి ఇండియా షర్లీ అన్నారు. ఆ తర్వాత ఎంత అడిగినా మళ్ళీ కూర్చోలేదు. "గెలిచాం కదండీ, ఇంక దేనికి" అంది.

6. అద్దం మీద అంకె

సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రాకెట్ పోటీలు ఊపందుకున్నాయి. డబ్బున్నవాడి బండికీ లేనివాడి బండికీ జత కుదర్చడానికి కనిపెట్టిన ఉపాయం. నీ కారు పావుమైలుని ఎంతలో పోతుందో నువ్వే చెప్పాలి. ఆ అంకెని తెల్ల బూట్‌పాలిష్‌తో అద్దం మీద పెద్దగా రాయాలి. రెండు అంకెలకి తేడా ఎంతో అంతసేపు ముందు నెమ్మది బండిని వదులుతారు. బండిని తక్కువ చేసి చెప్పుకుని లాభం పొందుదామంటే కుదరదు. రాసిన అంకెకన్నా త్వరగా పోయినా ఓడినట్టే.

నాకు తెలిసి మనిషిని ఇంత నిలదీసే ఆట ఇంకోటి లేదు. నా బండి గొప్పదని కాదు, నా బండి ఇంత అని చెప్పాలి. గొప్పగా రాస్తే అందుకోలేం, వినయంగా రాస్తే దాటేస్తాం.

1973 సెప్టెంబరు ఆఖర్లో ఓ ఆదివారం, నా జన్మలో మొదటిసారి ఫైనల్ దాకా వెళ్ళాను. పొద్దుటినుంచీ 14.42, 14.41, 14.43. అద్దం మీద 14.40 అని రాశాను. ఫైనల్ పిలిచేసరికి పొద్దు వాలింది. ఒంటిమీద చొక్కా చల్లగా తగిలింది. ఆ చల్లదనం గురించి నేను చదువుకున్నవాణ్ణి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఇంజిను గుక్కలో ప్రాణవాయువు ఎక్కువ పడుతుంది, బలం పెరుగుతుంది. చదువుకున్నాను కానీ గుడ్డపీలిక తీసుకుని ఆ 40 తుడిచి వేరే అంకె వేయలేదు. గీత దగ్గర నేనే ముందు. మా ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. చీటీ చేతికొచ్చింది: 14.37.

నాన్నకి రాస్తే, "ఎద్దులు కూడా పొద్దు వాలాకే బాగా లాగుతాయి, నీకు తెలీదా" అని జవాబు.

7. మేత లెక్క

మా నాన్న అడిగిన ప్రశ్నకి ఇప్పుడు వస్తాను.

ముందు గుర్రాల సంగతి. 335 అన్నది పూర్తిగా నిజం కాదు. అప్పట్లో ఇంజిన్ని బల్లమీద ఒంటరిగా పెట్టి, సైలెన్సరూ ఫ్యానూ ఎయిర్‌క్లీనరూ లాంటి బరువులు లేకుండా కొలిచి ఆ అంకె వేసేవారు. 1972 నుంచి అన్నీ తగిలించి కొలవడం మొదలెట్టారు. ఒక్క ఏడాదిలో అందరి గుర్రాలూ పదుల లెక్కన మాయమయ్యాయి. కొన్ని నిజంగానే తగ్గాయి. 1970లో వచ్చిన గాలి కాలుష్య చట్టం వల్ల, సీసం తక్కువ పెట్రోలు కోసం కంప్రెషను దించారు. మిగతావి మొదటినుంచీ కాగితం గుర్రాలే.

మేత మాత్రం కాగితం మీది కాదు. ఊళ్ళో తిరిగితే గ్యాలనుకి పది మైళ్ళు. పాతికేళ్ళ కుర్రాడు, పెళ్ళి కాలేదు, మజిల్ కారు అనగానే ఇన్సూరెన్సు వాళ్ళు కట్టమనే సొమ్ము చూసి నెత్తిన చెయ్యి పెట్టుకునేవాళ్ళం. ఆ కార్లని చంపింది పెట్రోలు అంటారు అందరూ. నేనైతే సగం హత్య అంతకుముందే ఇన్సూరెన్సు చేసేసిందంటాను. స్లిక్కులు, ప్లగ్గులు, గాస్కెట్లు, వంగిన పుష్‌రాడ్లు వేరే.

1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. నలభై సెంట్ల లోపున్న గ్యాలను మరుసటేడుకి యాభై దాటింది. రేటు కన్నా దొరక్కపోవడం బాధ. జనవరిలో దేశమంతా గంటకి 55 మైళ్ళు దాటకూడదని చట్టం చేశారు. డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇళ్ళకి పంపుతున్నాయి. మా ఆవిడకి ఎనిమిదో నెల. ఫిబ్రవరిలో కారు అమ్మకానికి పెట్టాను. మూడు వారాలకి ఒకే ఒక్కడు వచ్చాడు, పంతొమ్మిదేళ్ళ పిల్లాడు. ఆరొందల డాలర్లు. ముందురోజు మంచులో రెండు బంకుల దగ్గర లైను కట్టి ట్యాంకు నింపాను. ఎందుకు నింపానో అడగొద్దు. వాడు వీధి చివరికంటా టైర్లు కాల్చుకుంటూ పోయాడు.

ఈసారి మేత లెక్కతో సహా అన్నీ ఉత్తరంలో రాశాను, అమ్మేశానని కూడా. నాన్న జవాబులో డబ్బు ఊసు లేదు. "పంపేముందు కడుపునిండా పెట్టావా?" అని అడిగాడు.

8. అరుదైనదంటే అప్పట్లో ఎవరికీ అక్కర్లేనిదని

1971లో హెమీ అనే పెద్ద ఇంజినుతో ప్లిమత్ బరకూడా కన్వర్టిబుల్ కార్లు పదకొండే తయారయ్యాయి. అపురూపంగా ఉంచుదామని కాదు, కొనేవాళ్ళు లేక. వాటిలో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకి పోయింది. "నువ్వు అప్పుడొకటి కొని ఉంచాల్సింది" అని మా అబ్బాయి ఇప్పటికీ అంటాడు. వాడు పుట్టబోతున్నాడనే కదా ఉన్నది కూడా అమ్మింది.

9. అయస్కాంతం పట్టుకెళ్ళండి

పిల్లల చదువులయ్యాక, 1998లో మళ్ళీ ఒక రోడ్ రన్నర్ కొన్నాను. ఇప్పుడు కొనాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా మన కుర్రాళ్ళు, కాస్త ఆగి ఇది చదవండి.

ప్లిమత్ వాళ్ళదే మామూలు మోడలు బెల్వడేర్‌కి స్టిక్కర్లేసి రోడ్ రన్నర్ అని అమ్మేవాళ్ళు ఉన్నారు. డ్రైవరు వైపు డాష్‌బోర్డు మీద, అద్దం గుండా కనపడేలా నంబరు పట్టీ ఉంటుంది. 1968 రోడ్ రన్నర్ అయితే అది ఆర్ఎమ్‌తో మొదలవ్వాలి. ఆ తర్వాత 21 ఉంటే పక్క అద్దాల మధ్య స్తంభం ఉన్న కూపే, 23 అయితే స్తంభం లేనిది. అయిదో అక్షరం హెచ్ ఉంటే 383 ఇంజిను, జే ఉంటే 426 హెమీ. జే అని చెప్పి హెచ్ చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి.

తుప్పు సంగతి ఇంకా ముఖ్యం. మా వైపు చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అది రేకుని కింది నుంచి తినేస్తుంది. కన్నాల్లో పుట్టీ కూరి, నునుపు చేసి, రంగు కొడితే కంటికి కొత్తకారే. ఓ చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి వెనకచక్రాల పైభాగాన, తలుపుల కింద పట్టీ మీద ఆనించండి. జారిపడితే లోపల ఇనుము లేదన్నమాట.

ఇదంతా తెలిసే నేను మోసపోయాను. నంబరు చూసుకున్నాను, పైరేకు చూసుకున్నాను, నేల చూసుకోలేదు. ఇంటికొచ్చాక డ్రైవరు పాదాల దగ్గర కార్పెట్టు ఎత్తితే, పాత రేకు ఒకటి రివెట్లు కొట్టి ఉంది. ఊడదీసి తిరగేశాను. పసుపురంగు మీద నల్లబాణం. ఎక్కడో రోడ్డుమలుపున నిలబెట్టిన బోర్డు. నేలంతా కోసి కొత్తరేకు అతికించడానికి ఓ చలికాలం పట్టింది. ఆ బోర్డు షెడ్డు గోడకి తగిలించాను, ఇంకా ఉంది.

10. తొక్కానంతే

రెండేళ్ళ కిందట మనవడు తన కరెంటు కారు తెచ్చాడు. ఇద్దరం ఓ శుక్రవారం స్ట్రిప్‌కి వెళ్ళాం. వాడి కారుకి గేర్లు లేవు, చప్పుడు లేదు. మోటారు నిలబడ్డ చోటునుంచే పూర్తిబలం ఇస్తుంది. ఏ చక్రం తేలుతోందో కంప్యూటరే కనిపెట్టి సర్దుతుంది. పొగ లేదు, జారడం లేదు. 12.1 సెకన్లు.

"ఏం చేశావురా?" అన్నాను.

"ఏం లేదు తాతయ్యా, తొక్కానంతే."

నిజం చెప్పాలంటే కొంచెం ఈర్ష్య కలిగింది. కెంటకీ పెద్దాయన యాభై ఏళ్ళలో కూడబెట్టుకున్న జ్ఞానమంతా వాడి పాదం కింద ఓ డబ్బాలో ఉంది, అదక్కడుందని కూడా వాడికి తెలియదు. పాతకారు వాసన, గర్జన, ఆత్మ అంటూ మా వయసువాళ్ళు చెప్పేవి నేను చెప్పను. వాడి కారు నా కారుకన్నా మంచిది. ఆపడంలో కూడా మంచిది. నా డ్రమ్ము బ్రేకులు రెండుసార్లు గట్టిగా తొక్కితే వేడెక్కి నీరసపడిపోతాయి.

ఆఖరికి బ్రాకెట్ పద్ధతిలో ఒక ఆట ఆడాం. నా అద్దం మీద 14.50, వాడి అద్దం మీద 12.10. నన్ను 2.4 సెకన్లు ముందు వదలాలి. వాడి నాయనమ్మ నేర్పిన లెక్క ప్రకారం కదిలాను. నా కారు దూరమైపోతుంటే చూస్తూ ఊరుకోవడం వాడివల్ల కాలేదు. అద్దంలో వెనక ఎర్రదీపం కనపడింది, ఈసారి నాది కాదు.

ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ మీద పాతకార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995 నుంచీ జరుగుతోంది. ఆ రోజు ఎవరూ పరుగెత్తించరు, నడకలా పోతాయి. మీరు అటువైపు వస్తే పచ్చటి రోడ్ రన్నర్ ఒకటి, గోధుమరంగు ముసలాయన ఒకడు కనపడతారు. చెయ్యి ఊపండి, ఎక్కించుకుంటాను. ఏసీ లేదు, ముందే చెబుతున్నాను. మా ఆవిడ ముందుసీటు వదలదు కనక వెనక కూర్చోవాలి.